కారుకి అమర్చిన మగగొంతు

2021 జులైలో అమెరికన్ కార్ల కంపెనీ డాడ్జ్ ఒక ప్రకటన చేసింది. తాము ఎలక్ట్రిక్ కార్లు అమ్మబోవడం లేదనీ, 'అమెరికన్ ఈ-మజిల్' అమ్మబోతున్నామనీ దాని సారాంశం. నిజానికి వాళ్లు తయారు చేస్తున్నది బ్యాటరీతో, విద్యుత్ మోటార్లతో నడిచే కారే. దానికి ఎలక్ట్రిక్ కారు అని తప్ప మరో పేరు పెట్టడం కష్టం. అయినా ఆ పేరు పలకడానికి ఆ కంపెనీకి ఎందుకంత సిగ్గు? వస్తువుని అమ్ముకోవడానికి సిద్ధపడి, దాని పేరుని మాత్రం ఒప్పుకోలేకపోవడానికి ఆ పేరులో ఏముంది?

ఈ ప్రశ్నకి జవాబు ఇంజనీరింగ్ పుస్తకాల్లో దొరకదు. కార్ల చరిత్రలో, మరీ ముఖ్యంగా కార్లకీ స్త్రీలకీ మధ్య నడిచిన చరిత్రలో దొరుకుతుంది. నేను చదివింది సాహిత్యం. నా డాక్టరేట్ పరిశోధన స్త్రీల ఆత్మకథల్లో ప్రయాణాల మీద. నేను చదివిన ఆ పుస్తకాల్లో స్త్రీలు బండి ఎక్కుతారు, బండి దిగుతారు, బండి కోసం ఎదురుచూస్తారు. బండి నడిపాను అనే వాక్యం చాలా అరుదుగా తగిలేది. ఆ వాక్యం ఎందుకు అరుదైందో తెలుసుకోవాలనుకున్నప్పుడు నేను రచయిత్రుల దగ్గర్నుంచి బండ్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. యంత్రాన్ని కూడా ఒక పాఠంగా చదవొచ్చనీ, దాని రూపకల్పనలో, ప్రకటనల్లో, ధ్వనిలో ఒక సమాజపు భావజాలం అక్షరాలా అచ్చయి ఉంటుందనీ అక్కడే అర్థమైంది.

తృప్తి లేని ఆమె

ఎలక్ట్రిక్ కారు పుట్టుకతో స్త్రీల కారు కాదు. గంటకి వంద కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు ఎలక్ట్రిక్ కారే. 1899 వసంతకాలంలో, పారిస్ దగ్గరి అషేర్‌లో, బెల్జియంకి చెందిన కమీల్ జెనాట్జీ టార్పెడో ఆకారంలో ఉన్న బ్యాటరీ కారుని సుమారు 106 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. ఆ కారు పేరు 'లా జమే కోంతాంత్'. ఎన్నడూ తృప్తి చెందనిది అని అర్థం. ఫ్రెంచి భాషలో కారు అనే మాట స్త్రీలింగం కాబట్టి పేరు కూడా స్త్రీలింగంలోనే ఉంది. నడిపేవాడు మాత్రం పురుషుడు.

ఇక్కడ మన భాష కూడా గుర్తొస్తుంది. తెలుగులో అమ్మ వచ్చింది, కారు వచ్చింది. 'వచ్చాడు' అనేది పురుషుడికి మాత్రమే దక్కిన క్రియ. స్త్రీలూ జంతువులూ జడపదార్థాలూ కానివి మహత్తులని చిన్నయసూరి బాలవ్యాకరణం నిర్వచించింది. బహువచనంలో 'వచ్చారు' అన్నప్పుడే మనం మగవాళ్ల సరసన చేరతాం. ఒంటరిగా ఉన్నంతసేపూ కారుతోనే మన క్రియ. అంటే యంత్రాన్ని స్త్రీగా ఊహించడం, దాన్ని అదుపు చేసేవాడిని పురుషుడిగా ఊహించడం ఒక్క ఫ్రెంచివాళ్లకే పరిమితమైన అలవాటు కాదు.

1900లో అమెరికాలో తయారైన కార్లు 4,192. వాటిలో ఆవిరితో నడిచేవి 1,681, విద్యుత్‌తో నడిచేవి 1,575, పెట్రోలుతో నడిచేవి 936 మాత్రమే. అప్పటికే న్యూయార్కు వీధుల్లో ఎలక్ట్రిక్ టాక్సీలు తిరుగుతున్నాయి. వాటిని నడిపింది మగ డ్రైవర్లే. ఆ కార్లలో స్త్రీత్వం ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు. మరి పది పన్నెండేళ్లలో అదే కారు ఆడవాళ్ల కారు ఎలా అయింది?

ఎనభై మైళ్ల గడప

పెట్రోలు కారుని అప్పట్లో ముందు భాగంలో ఉన్న ఇనుప హ్యాండిల్ చేత్తో తిప్పి స్టార్ట్ చేయాలి. ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. గేర్లు మార్చడం కష్టం. పొగ, నూనె మరకలు, మోత సరేసరి. ఎలక్ట్రిక్ కారుకి ఇవేవీ లేవు. స్విచ్ వేస్తే కదులుతుంది, నిశ్శబ్దంగా వెళుతుంది, చేతులు మాయవు. కంపెనీలు ఈ గుణాలన్నిటినీ ఏరి స్త్రీలకి అంటగట్టాయి. ప్రకటనల్లో టోపీలు, గౌన్లు వేసుకున్న సంపన్న స్త్రీలు కనబడసాగారు. కారు లోపల కూర్చునే గది డ్రాయింగ్ రూములా తయారైంది. ఎదురెదురు సీట్లు, కిటికీలకి తెరలు, పువ్వులు పెట్టుకోవడానికి చిన్న గాజు గొట్టం. స్టీరింగు చక్రం బదులు, పడవ చుక్కానిలాంటి పొడవాటి కడ్డీ.

చౌక పెట్రోలు కారుని ఇంటింటికీ చేర్చిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు. ఆవిడ 1914 నాటి కారు డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ పేరిట ఉన్న మ్యూజియం సేకరణలో ఉంది. ఒకసారి ఛార్జ్ చేస్తే సుమారు 80 మైళ్లు, గరిష్ఠ వేగం గంటకి సుమారు 25 మైళ్లు. స్నేహితురాలి ఇంటికి, బజారుకి, చర్చికి వెళ్లి రావడానికి అది చాలు. అంతకంటే దూరం ఆడవాళ్లకెందుకు?

చరిత్రకారిణి వర్జీనియా షార్ఫ్ 1991లో వెలువరించిన 'టేకింగ్ ద వీల్' పుస్తకంలో పట్టుకున్నది సరిగ్గా ఈ ప్రశ్ననే. పురుషుడికి బయటి ప్రపంచం, స్త్రీకి ఇల్లు అనే పాత విభజనని కార్ల తయారీదారులు బ్యాటరీ సామర్థ్యంలోకి దించారని ఆమె వాదన నాకు అర్థమైంది. బ్యాటరీకి ఉన్న సాంకేతికమైన పరిమితిని స్త్రీకి తగిన హద్దుగా ప్రచారం చేశారు. గడప దాటొద్దు అనే మాటనే కొంచెం సాగదీసి ఎనభై మైళ్లు దాటొద్దు అన్నారు.

ఆ హద్దుకీ స్త్రీల శక్తికీ సంబంధం లేదని అప్పటికే రుజువైపోయింది కూడా. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకులని వెంటబెట్టుకుని, భర్త తయారుచేసిన మూడు చక్రాల పెట్రోలు కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి సుమారు వంద కిలోమీటర్లు వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసిందనీ, అరిగిపోయిన బ్రేకులకి చెప్పులు కుట్టే అతనితో తోలు వేయించిందనీ చెబుతారు. ఆ కంపెనీని నిలబెట్టడానికి పెళ్లికి ముందే తన కట్నం సొమ్ము ఇచ్చింది కూడా ఆమే. 1909లో ఇరవై రెండేళ్ల ఆలిస్ రామ్సే మాక్స్‌వెల్ కారులో మరో ముగ్గురు స్త్రీలతో న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 59 రోజుల్లో చేరింది. ఆ నలుగురిలో కారు నడపడం వచ్చింది ఆలిస్‌కి ఒక్కదానికే. ఇవి రహస్యంగా జరిగిన సంగతులు కావు. అయినా స్త్రీలకి పెట్రోలు కారు తగదనే నమ్మకం చెక్కుచెదరలేదు. ఎందుకంటే ఆ నమ్మకానికి ఆధారం ఏనాడూ అనుభవం కాదు.

సెల్ఫ్ స్టార్ట్ ఎవరి కోసం?

1912లో కాడిలాక్ కార్లలో ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ చిన్న మోటారుతో హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. బయటికి దీన్ని స్త్రీల సౌకర్యంగా చెప్పుకున్నారు. మణికట్లు విరగ్గొట్టుకుంటున్న మగవాళ్లూ హాయిగా వాడుకున్నారు. తమకి కావలసిన సుఖాన్ని ఆడవాళ్ల పేరు చెప్పి ఇంట్లోకి తెచ్చుకోవడం మనకి కొత్త కాదు. ఎలక్ట్రిక్ కారుని దెబ్బతీసిన కారణాల్లో ఇదొకటి. మిగతావి ధర, దూరం, ఊళ్లలో కరెంటు లేకపోవడం. 1908లో 850 డాలర్లున్న ఫోర్డ్ మోడల్ టీ 1920ల నడిమికి మూడు వందల డాలర్ల లోపుకి దిగింది. ఎలక్ట్రిక్ కార్లు వేల డాలర్ల దగ్గరే ఉండిపోయాయి. కాబట్టి స్త్రీల కారు అని ముద్ర పడటం వల్లే అది చచ్చిపోయిందనడం సరికాదు. కానీ ఆ ముద్ర ఒక పని చేసింది. ఆ యంత్రాన్ని ఇంకా మెరుగుపరచాలి, ఇంకా దూరం పోయేలా చేయాలి అనే ఆత్రాన్ని తగ్గించింది. ఆడవాళ్లకి సరిపోతుందిలే అనుకున్నదాని మీద ఎవరు కష్టపడతారు?

ఆ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది మరొకటి. విద్యుత్ మోటారు ఓడిపోయి వెళ్లిపోలేదు. పెట్రోలు కారు బానెట్ కింద చేరింది. రోజూ ఆ కారుని నిద్రలేపే పని దానిది. బయట వినిపించే గర్జన మాత్రం ఇంజన్‌ది. ఈ అమరిక చూస్తే మన ఇళ్లు గుర్తుకు రాకుండా ఉండవు.

మన ఇళ్లంటే గుర్తొచ్చింది. ఈ విభజన మన దగ్గరికి రెండు చక్రాల మీద వచ్చింది. 1980లలో గేర్లు లేని, బటన్‌తో స్టార్టయ్యే కైనెటిక్ హోండా, 1990లలో స్కూటీ వచ్చాక 'లేడీస్ బండి' అనే మాట తెలుగు ఊళ్లలో స్థిరపడింది. కాలితో కిక్కు కొట్టేది మగ బండి, బొటనవేలితో నొక్కేది ఆడ బండి. నేను ఎం.ఏ.లో చేరినప్పుడు నాకు స్కూటీ కొనిచ్చారు. అన్నయ్య మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గరున్న రోజుల్లో నా స్కూటీయే గతి. దాన్ని స్నేహితుల అడ్డాకి వంద గజాల దూరంలో ఆపి నడిచి వెళ్లేవాడు. అదే అన్నయ్య తర్వాత కొన్న బండికి సెల్ఫ్ స్టార్ట్ ఉంది, ఇప్పుడు వాడు నడిపే కారుకి గేర్లు వాటంతటవే మారతాయి. వాటిని ఎవరూ లేడీస్ బండి అనలేదు. బటన్‌లో స్త్రీత్వం లేదన్నమాట. ఆ బటన్ ఎవరి చేతిలో ఉందన్నదే లెక్క.

గులాబీ రంగు ప్యాకేజీ

మళ్లీ డాడ్జ్ దగ్గరికి వద్దాం. 1955లో ఈ కంపెనీయే 'లా ఫెమ్' అనే కారుని మార్కెట్లోకి తెచ్చింది. ఫ్రెంచిలో స్త్రీ అని అర్థం. గులాబీ, తెలుపు రంగులు, లోపల గులాబీ పువ్వుల సీటు బట్ట, దానికి జోడుగా చేతిసంచి, లిప్‌స్టిక్ పెట్టె, పౌడరు డబ్బా, సిగరెట్ లైటరు, వానకోటు, గొడుగు. సాంకేతికంగా చూస్తే అది కస్టమ్ రాయల్ లాన్సర్ అనే మామూలు కారు మీద అదనంగా ఇచ్చిన ప్యాకేజీ. ఇంజన్ మారలేదు, బ్రేకులు మారలేదు. మగవాళ్లు కొనే కారే, పైన స్త్రీత్వం అతికించారు. రెండేళ్లలో 2,500 కూడా అమ్ముడుపోలేదు, 1956తో ఆపేశారు. స్త్రీలకి గొడుగు అవసరమే కానీ గొడుగు కోసం కారు కొనరని అప్పటికి అర్థమై ఉంటుంది.

దాని తర్వాత పదేళ్లకి మజిల్ కార్ల యుగం మొదలైంది. 1964లో పాంటియాక్ జీటీవోతో ఊపందుకున్న ఈ ధోరణి సూత్రం తేలిక. మధ్యరకం కారు ఒంట్లో పెద్ద వీ8 ఇంజన్ పెట్టడం. మలుపుల్లో ఎలా ఉన్నా సరే, తిన్నని రోడ్డు మీద దూసుకుపోవాలి, పక్క వీధికి వినబడాలి. మజిల్ అంటే కండ. యంత్రానికి కండలుంటాయనుకోవడంలోనే ఆ కాలపు పురుషత్వపు కల కనిపిస్తుంది. డాడ్జ్ 1966లో చార్జర్‌ని తెచ్చింది. 1969లో వెనక ఎత్తైన రెక్క, ముందు పొడవాటి ముక్కుతో చార్జర్ డేటోనా వచ్చింది. 1970 మార్చి 24న టాలడేగా ట్రాక్ మీద బడ్డీ బేకర్ దాన్ని గంటకి 200 మైళ్లు దాటించాడు. ఆ తర్వాత ఇన్సూరెన్సు ధరలు, కాలుష్య నిబంధనలు, 1973 చమురు సంక్షోభం ఆ యుగాన్ని ముగించాయి. కల మాత్రం ముగియలేదు.

ఆ వేగపు ప్రపంచంలో స్త్రీలు లేరా అంటే ఉన్నారు. షర్లీ మల్డౌనీ 1973లో అమెరికాలో టాప్ ఫ్యూయెల్ డ్రాగ్ రేసుల లైసెన్సు పొందిన మొదటి స్త్రీ. 1977, 1980, 1982లలో మూడుసార్లు జాతీయ ఛాంపియన్. ఆమె నడిపిన డ్రాగ్‌స్టర్ రంగు గులాబీ. కంపెనీ అతికించిన గులాబీ గోదాముల్లో పడి ఉండిపోయింది. ఆమె స్వయంగా ఎంచుకున్న గులాబీని మగ పోటీదారులు వెనకనుంచి చూడాల్సి వచ్చింది.

లోపల కూర్చుని చూస్తే

2023 చివరికి డాడ్జ్ తన పాత వీ8 చార్జర్, చాలెంజర్ కార్ల ఉత్పత్తిని ఆపేసింది. 2024 మార్చిలో కొత్త చార్జర్ డేటోనాని విడుదల చేసింది. ఇది పూర్తిగా విద్యుత్ కారు. 2025 వేసవిలో పరిశోధన పని మీద నేను మిషిగన్‌లో ఉన్నాను. డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలో కార్ల పరిశ్రమని నమ్ముకుని బతుకుతున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి కుటుంబంలోని నా స్నేహితురాలు బ్యాటరీల మీద పనిచేసే ఇంజనీరు. నేను రాయబోయేది విని, 'చూడకుండా రాస్తావా?' అని ఒకరోజుకి స్కాట్ ప్యాక్ మోడల్‌ని అద్దెకి తెచ్చింది.

రూపం విషయంలో ఆ కారుని మెచ్చుకోవాలి. 1960ల చివరి చార్జర్ గీతలని ఉంచుకుంటూనే అతి అలంకారం లేకుండా తీర్చారు. ముందు భాగంలో బానెట్ అంచు ఒక రెక్కలా ఉండి దాని కిందుగా గాలి దూరి వెళుతుంది. పాత డేటోనా వెనక మోసిన రెక్కని ముందుకి తెచ్చారన్నమాట. రెండు తలుపులే అయినా వెనకంతా పైకి తెరుచుకుంటుంది. మా సామాను, ఆమె కూతురి సైకిలు అందులో పట్టాయి. ముందు వెలిగే గుర్తు మూడు బాణాల 'ఫ్రాట్‌జోగ్'. 1960ల నుంచి డాడ్జ్ వాడిన ఈ గుర్తు పేరుకి ఏ అర్థమూ లేదు, రూపకర్తలు అప్పటికప్పుడు కల్పించిన మాట. అర్థం లేని మాటలోంచే ఈ కారు శబ్దానికీ పేరు పెట్టారు. ఆ సంగతికి వస్తాను.

బలం 670 హార్స్‌పవర్. ముందు ఒక మోటారు, వెనక ఒకటి. నిలబడిన చోటు నుంచి గంటకి 60 మైళ్ల వేగానికి 3.3 సెకన్లలో చేరుతుందని కంపెనీ లెక్క. ఖాళీ రోడ్డు మీద స్నేహితురాలు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నా మెడ సీటుకి అతుక్కుపోయింది, చెబుదామనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. అయితే మలుపుల దగ్గర బరువు తెలుస్తుంది. ఆ బరువు సుమారు 2,650 కిలోలు. మన మారుతి 800లు నాలుగు కలిపితే ఎంతో ఈ ఒక్క కారు అంత. ఐదుంపావు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న ఆ ఒంటిని ఇరుకు సందులో తిప్పడం చెమటలు పట్టించే పని. 2024లో దాని ధర 73 వేల డాలర్ల పైమాటే.

నాకు అన్నిటికంటే ఆలోచించదగ్గదిగా అనిపించిన అంకె దూరానికి సంబంధించినది. ఇదే కారులో తక్కువ బలమున్న ఆర్‌/టీ మోడల్ ఒక ఛార్జ్‌తో 308 మైళ్లు వెళుతుందని అమెరికా ప్రభుత్వ అంచనా. ఎక్కువ బలమున్న స్కాట్ ప్యాక్ 241 మైళ్లే. అంటే కండ పెరిగితే దూరం తగ్గుతుంది. నూరేళ్ల కింద తక్కువ దూరం పోవడం ఆడకారు లక్షణం. ఇప్పుడు ఆ లోటునే డబ్బు ఎక్కువ పెట్టి గర్వంగా కొనుక్కుంటున్నారు. ఆనాడు పరిమితి అన్నదాన్ని ఈనాడు త్యాగం అంటున్నారు.

ఛార్జింగ్ దగ్గర ఆగినప్పుడు పక్క కారాయన మా కారుని చుట్టూ తిరిగి చూసి, నా స్నేహితురాలిని 'మీ ఆయనదా?' అని అడిగాడు. 'అద్దెది' అంది తను. ఆయన తర్వాతి ప్రశ్నలన్నీ, బ్యాటరీ గురించినవి సైతం, కారులో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న ఆమె భర్తని అడిగాడు. ఆయన బ్యాంకు ఉద్యోగి.

గొంతు సంగతి

ఇక శబ్దం. విద్యుత్ కారుకి సైలెన్సర్ గొట్టం అవసరం లేదు, పొగే లేదు కాబట్టి. డాడ్జ్ ఇంజనీర్లు మాత్రం కారు వెనక భాగంలో ఆంప్లిఫైయర్, స్పీకర్లు, గాలి గదులు కలిపి ఒక పరికరాన్ని అమర్చి దాని ద్వారా గర్జన పుట్టించారు. పేరు 'ఫ్రాట్‌జోనిక్ చాంబర్డ్ ఎగ్జాస్ట్'. 2022లో నమూనా కారుని చూపినప్పుడు ఆ శబ్దం 126 డెసిబెల్స్ అనీ, తమ పెట్రోలు హెల్‌క్యాట్ కార్లకి దీటుగా ఉంటుందనీ ప్రకటించారు. చెవికి నొప్పి పుట్టే స్థాయి కూడా అటూ ఇటూగా అంతే. కారు ఆగి ఉన్నప్పుడు కూడా గురగురమంటూ ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే గొంతు పెంచుతుంది. వద్దనుకుంటే ఆపేయడానికి ఒక మోడ్ ఉంది.

ఆ మోత నాకు నచ్చింది. ఆ సంగతి దాచిపెడితే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. ఆడపిల్ల నవ్వు వీధిలోకి వినబడకూడదని పెంచిన ఇంట్లోంచి వచ్చినదాన్ని. నా కాలి కింద ఒత్తిడికి వీధి మొత్తం తలతిప్పి చూడటంలో ఉన్న ఆనందం ఏమిటో ఆ పావుగంట స్టీరింగు పట్టుకున్నప్పుడు తెలిసింది. బలాన్ని అనుభవించడం పురుషుల సొత్తు కాదు. స్త్రీవాదం మన నుంచి కోరేది ఆ ఆనందాన్ని అసహ్యించుకోమని కాదనే అనుకుంటాను. ఆ ఆనందానికి ఎవరి హక్కుగా పేరు రాసి ఉంది, దాని ఖర్చు ఎవరి చెవుల మీద పడుతోంది అని అడగమంటుంది.

ఆ ఖర్చు సంగతి మనకీ తెలుసు. సైలెన్సర్లు మార్చిన బండ్ల మోత రాత్రిపూట మన కాలనీల్లో వినబడినప్పుడు హాస్టల్ నుంచి లైబ్రరీకి నడిచే అమ్మాయి అడుగు వేగం పెరుగుతుంది. బుల్లెట్ శబ్దాన్ని హుందాతనంగా, మగసిరిగా వినడం మనకి అలవాటు చేశారు. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పాట పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికూతుళ్ల నాట్యంగా మారినప్పుడు, ఆ శబ్దాన్ని ప్రేమించే పని కూడా మన వంతుకే వచ్చింది. బండి నడిపే వంతు ఇంకా రావాల్సి ఉంది.

నిశ్శబ్దమైన కారుకి శబ్దం ఉండాలని నిజంగా అడిగినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు అంధులు. చప్పుడు లేకుండా దగ్గరికొచ్చే కారు తమకి ప్రాణాపాయమని అమెరికాలో అంధుల సంఘాలు పోరాడితే 2010లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. 2011 జనవరిలో అధ్యక్షుడు సంతకం పెట్టాడు. ఆ చట్టం కింద వచ్చిన నిబంధన ప్రకారం ఎలక్ట్రిక్ కార్లు గంటకి సుమారు 30 కిలోమీటర్ల లోపు వేగంలో పాదచారులకి వినబడేలా ఒక చిన్న హెచ్చరిక శబ్దం చేయాలి. అది గర్జన కానక్కర్లేదు. నేను వస్తున్నాను, జాగ్రత్త అని చెప్పే చప్పుడైతే చాలు.

2025 జూన్‌లో డాడ్జ్ తన 2024, 2025 చార్జర్ డేటోనాలు 8,390 కార్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. కారణం, ఆంప్లిఫైయర్‌లో తగిన సాఫ్ట్‌వేర్ లేక కొన్ని కార్లు పాదచారులకి వినబడాల్సిన ఆ చట్టబద్ధమైన శబ్దం చేయకపోవచ్చు. 126 డెసిబెల్స్ గర్జన గురించి లోకానికంతా చాటిన కారు, రోడ్డు దాటుతున్న అంధుడికి చెప్పవలసిన మాట మరిచిపోయింది. సాఫ్ట్‌వేర్ లోపం ఎవరికైనా వస్తుంది, సరిచేయొచ్చు. కానీ ఇంతకంటే మంచి ఉపమానం నాకు ఏ నవలలోనూ దొరకలేదు. మగతనం పేరుతో చేసే మోతకీ, ఎదుటి మనిషి క్షేమం కోసం చేసే చప్పుడుకీ మధ్య తేడా ఆ ఒక్క సంఘటనలో ఉంది.

మిగిలిన ప్రశ్న

ఇంత చేసినా ఆ కారుని పాత అభిమానుల్లో చాలామంది ఒప్పుకోలేదు. అది నకిలీ గొంతు అన్నారు, అసలు ఇంజన్ కావాలన్నారు. 2026 మోడళ్లలోంచి తక్కువ ధర ఎలక్ట్రిక్ ఆర్‌/టీని కంపెనీ పక్కన పెట్టింది. అదే ఒంట్లో ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ పెట్టి 'సిక్స్‌ప్యాక్' పేరుతో తెచ్చింది. కండ అన్న మాటని విడిచిపెట్టలేక ఈసారి పొట్ట మీది కండల పేరు పెట్టుకుంది. దాని అత్యధిక బలం 550 హార్స్‌పవర్. ఎలక్ట్రిక్ కారు కంటే 120 తక్కువ. బలమే కొలమానమైతే అభిమానులు ఎలక్ట్రిక్‌నే కోరుకోవాలి. వాళ్లకి కావలసింది బలం కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. వాళ్లు కోరుకున్నది బలవంతుడనే గుర్తింపు.

1955లో లా ఫెమ్, 2024లో చార్జర్ డేటోనా. ఒకే కంపెనీ చేసిన ఈ రెండు కార్లని పక్కపక్కన పెట్టి చూడమని నా కోరిక. మొదటిదానికి స్త్రీత్వాన్ని పెట్టెలో పెట్టి ఇచ్చారు. రెండోదానికి పురుషత్వాన్ని స్పీకర్లలో పెట్టి ఇచ్చారు. రెండు చోట్లా కింద ఉన్న యంత్రానికి ఆ అలంకారంతో సంబంధం లేదు. జెండర్ సామాజికంగా నిర్మించబడుతుందని మనం ముప్పై నలభై ఏళ్లుగా రాస్తున్నాం, చెబుతున్నాం. ఆ మాట మరీ పుస్తకాల మాటలా ఉందనేవాళ్లకి, ఇదిగో దాన్ని నట్లూ బోల్టులతో బిగించి, ఆంప్లిఫైయర్ తగిలించి, ధర చీటీ అంటించి చూపించారు. ఆపేయడానికి బటన్ కూడా పెట్టారు.

అయితే మనకి మిగిలే ప్రశ్న కార్ల గురించినది కాదు. స్త్రీలకి ఇది సరిపోతుంది అని ఎవరో నిర్ణయించిన ప్రతిచోటా ఒక బ్యాటరీ చిన్నదైపోతుంది. అది చదువు కావచ్చు, ఉద్యోగం కావచ్చు, సాయంత్రం ఇల్లు చేరవలసిన సమయం కావచ్చు. ఆ చిన్నతనాన్ని మన స్వభావంగా మనకే నమ్మబలుకుతారు. తర్వాత ఎప్పుడో అదే వస్తువుకి విలువ పెరిగినప్పుడు, దాని మీద ఉన్న మన పేరు చెరిపి, వేరే గొంతు అతికించి, కొత్త పేరుతో అమ్ముతారు. మన రచనల్లో బండి నడిపిన స్త్రీలు ఎందరున్నారో లెక్కపెట్టడంతో పాటు, వాళ్లకిచ్చిన బండి ఎంత దూరం పోతుందో, ఆ దూరం ఎవరు కొలిచారో కూడా అడగడం మొదలుపెడదాం.